క్రొత్త యంత్రము, పాత వ్రాత

పాత నీటిని క్రొత్త నీరు కొట్టివేయునని మన పెద్దలు చెప్పుదురు. నదికి సరిపోయిన యీ మాట కార్యాలయమునకు సరిపోదు. కార్యాలయమున నిన్నటి ఉత్తరువు నేటి ఉత్తరువునకు మూలము. ఇరువది యేండ్ల క్రిందట వ్రాసిన యొక నోటు మీద నేడొక వృద్ధుని పింఛను ఆధారపడి యుండవచ్చును. కావున కార్యాలయమునకు క్రొత్త సాధనమేది వచ్చినను, పాత వ్రాతను చదువగల శక్తి దానికి కలదా యని మొదట విచారింపవలసి యున్నది. గడచిన అరువదేండ్లలో కంప్యూటరు ప్రపంచము ఈ ప్రశ్నకు ఏయే సమాధానములు చెప్పినదో, వానివలన మన తెలుగు వ్రాతకు కలిగిన లాభనష్టములెట్టివో వివరించుట ఈ వ్యాసోద్దేశము.

ఈ విచారణకు సమయము కూడ వచ్చినది. 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్టు సంస్థ విండోసు 10కు సాధారణ పోషణను చాలించినది. అదే దినమున ఆఫీసు 2016, ఆఫీసు 2019 అను కార్యాలయ ప్రోగ్రాములకును పోషణ ముగిసినది. ఎన్నియో కార్యాలయములును, గృహములును విండోసు 11 గల యంత్రములకు మారుచున్నవి. మారిన మరునాడే కొన్ని మొరలు వినవచ్చును. “పాత ప్రోగ్రాము ఎక్కుట లేదు” అని యొకరు, “ఫైలు తెరచినచో అక్షరములకు బదులు పిచ్చిగీతలు కనబడుచున్నవి” అని మరియొకరు. ఈ మొరలు నేడు పుట్టినవి కావు. వీనికి దీర్ఘమైన చరిత్ర కలదు.

మొదట, ఆపరేటింగ్ సిస్టమనగా నేమి? సచివాలయోద్యోగికి దీనిని సులభముగ బోధపరుపవచ్చును. నేటి కంప్యూటరులో వర్డు, ఎక్సెలు వంటి ప్రోగ్రాము ఏ వనరును స్వయముగ ముట్టజాలదు. దానికి జ్ఞాపకస్థానము కావలెనన్నను, డిస్కుపై ఫైలు వ్రాయవలెనన్నను, ప్రింటరునకు పని యొప్పగింపవలెనన్నను ఆపరేటింగ్ సిస్టమునకు అర్జీ పెట్టుకొనవలెను. ఆ అర్జీలకు నిర్ణీతమైన నమూనాలు కలవు. సిస్టము మారినపుడు నమూనాలు కొన్ని మారును. పాత నమూనాలో వచ్చిన అర్జీని క్రొత్త సిస్టము మన్నించినచో ప్రోగ్రాము నడచును. త్రిప్పి పంపినచో ఆగిపోవును. ప్రోగ్రామునకు తుప్పు పట్టలేదు, అరుగుదల రాలేదు, అందు ఒక్క అక్షరమైనను మారలేదు. దాని చుట్టునున్న పరిపాలనము మాత్రము మారినది.

ఈ చిక్కు పెద్దయెత్తున తలయెత్తినది 1964లో. ఐ.బి.యం. సంస్థ 1959లో ప్రకటించిన 1401 అను కంప్యూటరు వేలసంఖ్యలో కార్యాలయములకు చేరి, జీతపు పట్టీలను, సరకుల లెక్కలను మోయుచుండెను. 1964 ఏప్రిల్ 7న ఆ సంస్థయే సిస్టము 360 అను క్రొత్త యంత్రకుటుంబమును ప్రకటించెను. చిన్న యంత్రము మొదలు పెద్ద యంత్రమువరకు అన్నియు ఒకే ఆజ్ఞావళిని అనుసరించుట దీని విశేషము. కాని ఆ ఆజ్ఞావళి 1401 ఆజ్ఞావళి కాదు. ఏండ్ల తరబడి వ్రాయించుకొన్న ప్రోగ్రాముల గతి యేమని ఖాతాదారులు అడుగకపోరు. అంతకు కొలది నెలల ముందే, 1963 డిసెంబరులో, హనీవెల్ సంస్థ తన 200 నమూనా యంత్రమును ప్రకటించి, 1401 ప్రోగ్రాములను తన యంత్రమునకు అనువుగ మార్చియిచ్చు “లిబరేటర్” అను సాధనమును దానికి జతచేసి యుండెను. ఖాతాదారులు చేజారుదురను భయము ఐ.బి.యం.కు కలిగెను. అందుచే 360 కుటుంబములోని కొన్ని యంత్రములందు 1401 ఆజ్ఞలను గ్రహించి అమలు జరుపు ఏర్పాటును లోపలనే ఇమిడ్చిరి. క్రొత్త యంత్రము పాత యంత్రమువలె నటించునన్నమాట. దీనికి ఎమ్యులేషను అని పేరు. తెలుగున అనుకరణ మనవచ్చును. పాత ప్రోగ్రాములను ఆదరించుట తయారీదారుల దయవలన గాక, వ్యాపారావసరమువలన ఆరంభమైనదని ఈ వృత్తాంతము తెలుపుచున్నది. అవసరము తీరినపుడు ఆదరణ కూడ తగ్గునని దీని వెనుక నున్న రెండవ పాఠము.

మన దేశము ఈ పాఠమును మరియొక రూపమున నేర్చినది. 1973 నాటి విదేశీ మారక నియంత్రణ చట్టము విధించిన నిబంధనలకు సమ్మతింపక ఐ.బి.యం. 1978లో భారతదేశమును విడిచిపోయెను. దేశమునందలి ఆ సంస్థ యంత్రముల సంరక్షణభారము 1975లో ఏర్పడిన ప్రభుత్వరంగ సంస్థ, కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్, వహించెను. అప్పటికే 1967లో హైదరాబాదున స్థాపితమైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా స్వదేశీయ కంప్యూటర్లను నిర్మించుచుండెను. యంత్రమును చేసినవాడు వెడలిపోయినను, దానిని బాగుచేయు విద్య మనవారి చేతనున్నచో పని ఆగదని ఆనాటి యింజనీర్లు నిరూపించిరి.

కార్యాలయపు బల్లమీదికి కంప్యూటరు దిగివచ్చినది ఆ తరువాతి దశాబ్దమున. 1976లో నెలకొన్న నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరు 1980ల కడపటికి ఉపగ్రహమూలమున జిల్లా కేంద్రములను దిల్లీతో కలుపు పనికి పూనుకొనెను. ఆనాటి కార్యాలయములందు మూడు ప్రోగ్రాములు రాజ్యమేలినవి. ఉత్తరము వ్రాయుటకు వర్డ్‌స్టార్, లెక్క వేయుటకు లోటస్ 1-2-3, జాబితా నిలుపుటకు డీబేస్. వర్డ్‌స్టార్ 1978లో వెలువడినది. లోటస్ 1983 జనవరిలో వచ్చినది. మౌసు లేని ఆ దినములలో కంట్రోలు మీటను నొక్కిపట్టి కె, డి అక్షరములను నొక్కినచో ఫైలు భద్రమగునని తెలిసిన సీనియరు సహాయకులు నేటికిని మన నడుమ నున్నారు. వారి వ్రేళ్ళు ఆ మీటలను ఇంకను మరువలేదు.

ఆ ప్రోగ్రాములు ఆంగ్లమునకు పుట్టినవి. వానిలో భారతీయ లిపులను పలికించిన ఖ్యాతి జిస్ట్ అను ప్రయత్నమునకు దక్కవలెను. కాన్పూరు ఐ.ఐ.టి.లో మొలకెత్తిన ఈ విద్య, 1988లో పూనా కేంద్రముగ ఏర్పడిన సి-డాక్ సంస్థలో పెరిగి పెద్దదయ్యెను. జిస్ట్ కార్డు అను పలకను కంప్యూటరు లోపల అమర్చినచో, డాస్‌పై నడచు వర్డ్‌స్టార్ తెలుగును వ్రాయును, డీబేస్ తెలుగు పేర్లను నిలుపును. అక్షరములకు సంకేతములను నిర్ణయించు ఇస్కీ అను ప్రమాణమును 1991లో భారతీయ ప్రమాణముల సంస్థ ఆమోదించెను. తెలుగు కకారమునకును, దేవనాగరి కకారమునకును ఒకే సంకేతముండుట దాని గొప్పతనము. లిపి మార్చినచో అదే పేరు తెలుగునను, హిందీయందును కనబడెడిది. అయితే ఆ కార్డు పాతపద్ధతి గాడిలో మాత్రమే ఇమిడెడిది. కాలక్రమమున అట్టి గాడులు గల కంప్యూటర్ల తయారీ ఆగిపోయెను. గాడితో కార్డును, కార్డుతో ఆ ప్రోగ్రాములందలి తెలుగును వెనుకబడిపోయినవి. ఇస్కీలో దాచిన వ్రాతకు మాత్రము హాని కలుగలేదు. దాని సంకేతములు బహిరంగముగ ప్రకటితములగుటచే తరువాతివారు దానిని క్రొత్త రూపమునకు మార్చుకొనగలిగిరి. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొందురు గాక. ముందు దీనితో పనిపడును.

1995 ఆగస్టు 24న విండోసు 95 వచ్చినది. పాత డాస్ ప్రోగ్రాములు తనపై నడువకున్నచో ప్రజలు తన్ను కొనరని మైక్రోసాఫ్టు ఎరుగును. అందుకై అది పడిన శ్రమకు ఒక కథ ప్రసిద్ధము. సిమ్‌సిటీ అను ఆటలో ఒక దోషముండెను. తాను వదలివేసిన జ్ఞాపకస్థానమునే ఆ ఆట వెంటనే మరల చదివెడిది. ఖాళీచేసిన యింటిలోనికి తాళము తీసికొని పోయినట్లు. పాత సిస్టములో ఆ యింటిలోనికి అంత త్వరగ ఎవ్వరును రాకుండుటచే ప్రమాదము లేకుండెను. క్రొత్త సిస్టములో అట్లు కాదు. అప్పుడు విండోసు 95 నిర్మాతలు, నడచుచున్నది సిమ్‌సిటీయా యని కనిపెట్టి, అదే యైనచో వదలిన స్థానమును కొంతసేపు ఇతరుల కీయకుండు ప్రత్యేక నిబంధనను వ్రాసిరని జోయెల్ స్పోల్‌స్కీ అను ప్రోగ్రామురచయిత తెలిపినాడు. పరుల తప్పును తన తలపై వేసికొని కాపాడిన ఇట్టి ఔదార్యము ఆ సంస్థ వర్తకమునకు మూలధనమయ్యెను.

కాని ఔదార్యమునకు హద్దు కలదు. ఆ హద్దును యంత్రపు ‘బిట్ల’ సంఖ్య నిర్ణయించినది. 1978 నాటి ఇంటెల్ 8086 చిప్పు 16 బిట్లది. 1985 నాటి 80386 చిప్పు 32 బిట్లది. 2003 నుండి 64 బిట్ల చిప్పులు సామాన్యుల కంప్యూటర్లకు వచ్చినవి. 32 బిట్ల విండోసు తనలోపల ఒక కల్పిత డాస్ యంత్రమును నిలిపి 16 బిట్ల ప్రోగ్రాములను నడిపెడిది. దీని ప్రభావమెంతటిదనగా, తొలి లెక్కల ప్రోగ్రామైన విజికాల్క్‌నకు 1981లో వెలువడిన ఐ.బి.యం. రూపము, దశాబ్దముల తరువాతి విండోసుపై కూడ నడచెను. 64 బిట్ల విండోసులో ఆ కల్పితయంత్రము లేదు. 2021 అక్టోబరులో వచ్చిన విండోసు 11కు 32 బిట్ల రూపమే లేదు. కాబట్టి దానియందు డాస్ నాటి ప్రోగ్రాములుగాని, విండోసు 3.1 నాటి ప్రోగ్రాములుగాని నేరుగ నడచుట కల్ల.

ఇచ్చట నొక విచిత్రమును చెప్పవలెను. 1990లలోని కొన్ని ప్రోగ్రాములు 32 బిట్లవే. క్రొత్త సిస్టములో నడువగల అర్హత వానికి కలదు. కాని వానిని కంప్యూటరులో ప్రతిష్ఠించు ‘సెటప్’ ప్రోగ్రాము మాత్రము 16 బిట్లది. ఇల్లు పటిష్ఠముగనున్నను, వాకిలి తెరచుకొనదన్నమాట. అట్లే ‘హెచ్.ఎల్.పి.’ అను రూపములోని పాత సహాయపుస్తకములను చదువు సాధనమును విస్టానుండి మైక్రోసాఫ్టు తొలగించినది. కొంతకాలము విడిగ అందించి, విండోసు 10లో అదియు మానివేసినది. ప్రోగ్రాము నడచినను, దాని నియమావళి చదువరాని స్థితి యేర్పడినది.

ప్రోగ్రాము సంగతి ఇట్లుండగా, ఫైళ్ళ సంగతి వేరొక దారిని నడచినది. ఆఫీసు 2007లో వర్డు, ఎక్సెలు ఫైళ్ళ రూపము సమూలముగ మారినది. క్రొత్తవారు పంపిన ‘డాక్స్’ ఫైలు పాతవారికి తెరచుకొనక, ‘పాత రూపములో మరల పంపుడు’ అని కార్యాలయముల నడుమ ఉత్తరములు నడచిన దినములు చాలమందికి జ్ఞప్తియుండును. అదే 2007లో ఆఫీసు 2003కు విడుదలైన 3వ సర్వీసు ప్యాకు, పూర్వకాలపు వర్డు, ఎక్సెలు రూపములను, లోటస్, క్వాట్రో, కోరెల్‌డ్రా ఫైళ్ళను భద్రతాకారణమున తెరవనీయకుండ చేసెను. ప్రజలు గగ్గోలు పెట్టగా, దోషము ఆ ఫైళ్ళలో లేదనియు, వానిని చదువు తమ ప్రోగ్రాములోనున్నదనియు ఆ సంస్థవారు 2008 జనవరిలో ఒప్పుకొని, అడ్డు తొలగించుకొను మార్గము చూపిరి. ఒక్క సవరణతో వేలాది పాత ఫైళ్ళు ఒకనాటి ఉదయము మూగవోవుట సాధ్యమని లోకమునకు అప్పుడు తెలిసినది.

ఇంత చిక్కున్నపుడు పాత యంత్రమునే కొనసాగించిన నేమి యని కొందరందురు. ఈ వాదమునకు 2017 మే 12న కఠినమైన సమాధానము వచ్చెను. ఆనాడు వ్యాపించిన వన్నాక్రై అను దుష్టప్రోగ్రాము ఫైళ్ళకు తాళము వేసి, తీయుటకు సొమ్మడిగెను. ఇంగ్లండులోని ప్రభుత్వ వైద్యశాలలు మొదలుకొని ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లవరకు దాని వాత పడినవి. పోషణలోనున్న సిస్టములకు నివారణ రెండు నెలల ముందే, మార్చిలోనే, విడుదలయ్యెను. 2014 ఏప్రిల్ 8న పోషణ ముగిసిన విండోసు ఎక్స్‌పీకి మాత్రము ఆ నివారణ అందలేదు. ఉపద్రవము చూచిన పిమ్మట ప్రత్యేకముగ ఈయవలసి వచ్చెను. పోషణ లేని సిస్టమును ఇంటర్నెట్టునకు కలిపియుంచుట తలుపులు లేని రికార్డు గదిని వీధివైపు కట్టుటవంటిది.

ఇంతవరకు చెప్పినది సకలభాషలకును సామాన్యమైన కష్టము. తెలుగునకు వచ్చిన కష్టము దీనికి రెట్టింపు. ఆంగ్లమున వ్రాసిన వర్డ్‌స్టార్ ఫైలును నేడు ఏ సామాన్యసాధనముతో తెరచినను చాలవరకు చదువవచ్చును. ప్రతి పదపు కడపటి అక్షరము మాత్రము వింతగ కనబడును. వర్డ్‌స్టార్ అక్కడ ఒక గుర్తు పెట్టుకొనెడిది. దానిని సవరించుట స్వల్పమైన పని. మన తెలుగు ఫైలు సంగతి అట్లు కాదు.

1990లలో విండోసు వచ్చినపుడు దానికి తెలుగు రాదు. అచ్చుయంత్రములవారు, పత్రికలవారు ఆగలేరు. కావున ఖతులు తయారుచేయువారు ఒక ఉపాయము పన్నిరి. ఆంగ్లాక్షరములకును, తక్కిన గుర్తులకును కేటాయింపబడిన స్థానములందే తెలుగు అక్షరములను, తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు మొదలైన ముక్కలను కూర్చిరి. ఆ ఖతి యున్నంతకాలము తెరపై తెలుగే కనబడును. కంప్యూటరు మాత్రము తాను ఆంగ్లపు గుర్తులనే దాచుచున్నానని భావించును. ఖతి లేని యంత్రమునకు ఆ ఫైలును తీసికొనిపోయినచో పిచ్చిగీతలే మిగులును. అంతేకాదు, ఏ స్థానమున ఏ ముక్కయను విషయమున ఒక్కొక్క సంస్థది ఒక్కొక్క అమరిక. అను వారిది ఒకటి, శ్రీలిపి వారిది మరియొకటి. ఇస్కీవలె అందరకు తెలిసిన ప్రమాణము కాకపోవుటచే, పట్టిక తెలిసినవానికే తాళముచెవి దొరకును.

ఈ ఖతులతో తెలుగునాట పేజ్‌మేకర్ అను పుటనిర్మాణ ప్రోగ్రాము జతకూడినది. ఆల్డస్ సంస్థ 1985లో దీనిని వెలువరించెను; 1994లో ఆల్డస్‌ను అడోబీ కొనెను; 2001లో వచ్చిన 7వ రూపమే దీనికి కడపటిది. విజయవాడ, హైదరాబాదుల డి.టి.పి. కేంద్రములలో పెండ్లిపత్రిక మొదలు పరిశోధనగ్రంథమువరకు వేలకొలది తెలుగు ప్రచురణలు ఈ జంటపై రూపొందినవి. తెలుగు సీమకు వెలుపలనున్న మనవంటి సంఘముల సంచికలును పెక్కు అట్టివే. అడోబీవారి తరువాతి ప్రోగ్రామైన ఇన్‌డిజైన్ తన సి.ఎస్. 6 రూపమువరకు పేజ్‌మేకర్ ఫైళ్ళను తెరచెడిది. పిమ్మటి రూపములలో ఆ వసతి లేదు. ఇట్లు ఒక పాత తెలుగు సంచికకు మూడు తాళములు పడినవి. ఖతి యొకటి, ప్రోగ్రాము రెండు, ఆపరేటింగ్ సిస్టము మూడు. మూడును తెరచుకొన్నప్పుడే అందలి కవిత వెలుగు చూచును.

దీనికి శాశ్వతపరిష్కారము యూనికోడ్. 1991లో వెలువడిన దాని మొదటి సంపుటములోనే తెలుగునకు స్థానము దక్కెను. భారతీయ లిపుల అమరికకు ఇస్కీయే దానికి ఆధారమయ్యెను. తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. వీనిలో ‘క’ కకారమే. మరి యే యాంగ్లాక్షరమునకును అది మారువేషము కాదు. అయినను ప్రమాణము పుట్టుట వేరు, అది బల్లమీదికి వచ్చుట వేరు. విండోసు 2000లో హిందీ, తమిళములకు ఆదరణ లభించెను. తెలుగునకు 2001 నాటి ఎక్స్‌పీవరకు ఆగవలసివచ్చెను. ‘గౌతమి’ అను ఖతి దానితో వచ్చినది. పదియేండ్ల ఆ వ్యవధిలో ఉత్పత్తియైన తెలుగు వ్రాత మిక్కిలి భాగము పాత ఖతుల పాలయ్యెను. ఆ పైనను అలవాటు బలము చేత అచ్చుపనివారు చాలకాలము పాతదారినే నడచిరి. భారత ప్రభుత్వము 2009 నవంబరులో ఈ-పరిపాలనమందు భారతీయభాషలకు యూనికోడ్‌ను ప్రమాణముగ నిర్ణయించెను.

ఇక తరణోపాయములను విచారింతము. చరిత్రలో మూడు మార్గములు కనబడుచున్నవి. పాత యంత్రమునే కాపాడుట మొదటిది. క్రొత్త యంత్రముచే పాత యంత్రమువలె నటింపజేయుట రెండవది. వ్రాతను క్రొత్త రూపమునకు మార్చుకొనుట మూడవది.

మొదటి మార్గమునకు ప్రసిద్ధమైన ఉదాహరణము అమెరికా నవలాకారుడు జార్జి ఆర్. ఆర్. మార్టిన్. ఇంటర్నెట్టు లేని డాస్ కంప్యూటరుపై వర్డ్‌స్టార్ 4వ రూపముతోనే తాను నవలలు వ్రాయుదునని ఆయన 2014లో బహిరంగముగ చెప్పెను. ఒక రచయితకు చెల్లిన యీ పద్ధతి కార్యాలయమునకు చెల్లదు. యంత్రమునకు ఆయుర్దాయము కలదు. విడిభాగములు దొరకని దినము వచ్చును.

రెండవ మార్గము నేడు మిక్కిలి సుగమమైనది. 2002 నుండి లభించుచున్న డాస్‌బాక్స్ అను ఉచిత ప్రోగ్రాము క్రొత్త కంప్యూటరులో డాస్ యంత్రమును కల్పించును. 2009లో విండోసు 7తోపాటు మైక్రోసాఫ్టు ‘ఎక్స్‌పీ మోడ్’ అను పేర, యంత్రములో యంత్రమును కార్యాలయములకు అందించెను. 2024లో రాబర్ట్ జె. సాయర్ అను కెనడా రచయిత డాస్ వర్డ్‌స్టార్ కడపటిదైన 7వ రూపమును, దాని పుస్తకములతోను, నేటి యంత్రములపై నడుపు సాధనములతోను కూర్చి అందరకును అందుబాటు చేసెను. ఒక్క వ్యక్తి పూనికచే ఒక యుగపు వ్రాత నిలిచినది.

అనుకరణము ఎంతటి ప్రాణదాతయో తెలియుటకు ఇంగ్లండులోని డూమ్స్‌డే వృత్తాంతమును చూడవలెను. 1086లో విలియం రాజు తన రాజ్యమునందలి భూములను లెక్కింపించి వ్రాయించిన గ్రంథమది. మన నన్నయభట్టు రచించిన నందంపూడి శాసనమునకు ఇంచుమించు ఒక తరము తరువాతిది. 1986లో దాని తొమ్మిదివందల యేండ్ల పండుగకై బి.బి.సి. సంస్థ, పాఠశాలల పిల్లలతో సహా లక్షలాది జనులచే తమ ఊళ్ళ వివరములు వ్రాయించి, లేజరు పళ్ళెములపై నిక్షేపించెను. పదునారేండ్లకే, 2002 నాటికి, ఆ పళ్ళెములను చదువు యంత్రములు అరుదైపోయినవి. లీడ్సు, మిచిగన్ విశ్వవిద్యాలయముల పరిశోధకులు పాత యంత్రమును అనుకరించు ప్రోగ్రాము వ్రాసి దానిని కాపాడిరి. 1086 నాటి చర్మపత్రగ్రంథమును మాత్రము నేటికిని కన్నులతో చదువవచ్చును. నందంపూడి రాగిరేకులకును లిపి తెలిసిన పండితుడొక్కడు చాలును.

మూడవది మార్పిడి మార్గము. ఈ మార్గమున మనకు గురుతుల్యుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను. 19వ శతాబ్దిలో ఆయన కుంపిణీ ఉద్యోగిగ కడపలోనున్నపుడు, తాటాకులపై శిథిలమగుచున్న తెలుగు కావ్యములను జీతమిచ్చి పండితులచే కాగితములపై వ్రాయించెను. ఊరక వ్రాయించుటతో తృప్తిచెందలేదు. ఒకే గ్రంథమునకు పలు ప్రతులు తెప్పించి, పాఠములు పోల్చి, దిద్దించెను. ఆ ప్రతులు పెక్కు నేడు చెన్నపట్టణపు ప్రాచ్యలిఖిత గ్రంథాలయమున నున్నవి. ఆయన పద్ధతిలో రెండు మెలకువలు కలవు. తాటాకు ఇంకను చదువుటకు వీలుగనున్నపుడే పనికి పూనుకొనుట ఒకటి. ప్రతి వ్రాసిన తరువాత తెలిసినవానిచే సరిచూపించుట రెండవది.

నేటి ఫైళ్ళ మార్పిడికిని ఆ రెండు మెలకువలే ప్రాణము. లిబ్రె ఆఫీస్ అను ఉచిత ప్రోగ్రాము పాత వర్డు, లోటస్ ఫైళ్ళను తెరచును. 2015 నాటి దాని 4.4 రూపమునుండి పేజ్‌మేకర్ ఫైళ్ళనుకూడ కొంతవరకు చదువును. పాత తెలుగు ఖతులనుండి యూనికోడ్‌కు మార్చు సాధనములును కలవు. కాని వానిపై పూర్తిభారము వేయరాదు. వత్తులు తారుమారగుట, గుణింతపు గుర్తు ప్రక్క అక్షరమునకు అంటుట, ఆంగ్లపదములు తెలుగు ముక్కలుగ మారుట సర్వసాధారణము. పి.డి.ఎఫ్. చేసి దాచితిమిగదా యని నిశ్చింతగ నుండుటయు పొరపాటు. పాత ఖతితో చేసిన పి.డి.ఎఫ్. రూపమును కాపాడును. కాని అందలి పదమును వెదకబోయినను, నకలు తీయబోయినను మరల ఆ పిచ్చిగీతలే చేతికి వచ్చును. అది పటమువంటిది, వ్రాత వంటిది కాదు.

ఈ విషయమున చట్టము కూడ మౌనముగ లేదు. 1993 నాటి ప్రభుత్వ రికార్డుల చట్టము కేంద్ర కార్యాలయముల రికార్డులను కాపాడు బాధ్యతను నిర్ణయించినది; కంప్యూటరు వెలువరించిన రికార్డులనుకూడ తన పరిధిలో చేర్చుకొన్నది. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము 7వ విభాగము, రికార్డును ఎలక్ట్రానిక్ రూపమున నిలుపదలచినచో అది తరువాత చూచుకొనుటకు వీలుగ నుండవలెనని చెప్పుచున్నది. పుట్టిన రూపమున గాని, ఆ విషయమును యథాతథముగ చూపునని నిరూపింపదగిన వేరొక రూపమున గాని నిలుపవలెనని ఆదేశించుచున్నది. ఫైలు డిస్కుపై నున్నది గదా యన్న సమాధానము ఈ చట్టమునకు చాలదు. అది తెరచుకొనవలెను, తెరచినపుడు నాటి మాటనే చెప్పవలెను.

కాబట్టి కార్యాలయమున గాని, సంఘమున గాని, ఇంటిలో గాని క్రొత్త యంత్రము వచ్చుచున్నదన్నపుడు పాతదానిని వెంటనే సాగనంపరాదు. దానియందు ఏయే ప్రోగ్రాముల ఫైళ్ళు కలవో ముందు పట్టిక వ్రాయవలెను. పాత ప్రోగ్రాము తెరచుకొనుచున్నప్పుడే ప్రతి ముఖ్యమైన ఫైలును బహిరంగ ప్రమాణము గల రూపమునకు మార్చి, రూపము తెలియుటకు పి.డి.ఎఫ్. నొకదానిని జతచేయవలెను. తెలుగు ఫైళ్ళయెడల వాడిన ఖతి పేరును, ఖతి ఫైలును, వెంటనుంచవలెను. యూనికోడ్‌నకు మార్చిన పిమ్మట తెలుగు చక్కగ తెలిసినవారు ఒకరు మూలమును ముందిడుకొని ప్రతి పంక్తిని దిద్దవలెను. మార్చుటకు వీలులేని ప్రోగ్రామున్నచో దానిని కల్పితయంత్రమున నిలిపి, ఇంటర్నెట్టునకు దూరముగ నుంచవలెను. పాత ఫైలును మాత్రము చెరుపరాదు. రేపు మనకంటె మెరుగైన సాధనము గలవాడు దానిని ఇంకను శుద్ధముగ చదువవచ్చును.

తెలుగు సీమకు దూరముగ నివసించువారము మనము. మన పిల్లలకు ఇంటిలో వినబడు మాటయు, ఏటికొకమారు ఇట్టి సంచికలో కనబడు వ్రాతయు తప్ప తెలుగుతో పరిచయము స్వల్పము. ముప్పది యేండ్లుగ మన సంఘముల సభ్యులు వ్రాసిన కథలు, పాటలు, నాటికలు, దివంగతులైన పెద్దల జ్ఞాపకములు ఏ బీరువాలోని ఫ్లాపీలందో, ఏ మూలనున్న పాత కంప్యూటరులోనో మూడు తాళముల వెనుక నున్నవి. ఆ ఖతులతో అక్షరములు కూర్చినవారు ఒక్కొక్కరుగ ఉద్యోగవిరమణ చేయుచున్నారు. ఏ మీట నొక్కిన ఏ వత్తు పడునో వారి వ్రేళ్ళకు తెలియును. వారి తరువాతివారికి తెలియదు. అట్టివారు మన నడుమ నుండగనే, వారిని పిలిచి కూర్చుండబెట్టి, ఆ ఫైళ్ళను తెరపించి దిద్దించుకొనుట మన కర్తవ్యము. ఈ పనికి పెద్ద నిధులు అక్కరలేదు. కొన్ని ఆదివారములును, తెలుగు చదువగల ఇద్దరు ముగ్గురును చాలుదురు.